ఆ అంకె ఎప్పటిది?

కనుమ రాత్రి ఎనిమిదింటికి కోనసీమలో మా అమ్మవాళ్ల ఊళ్లో కరెంటు పోయింది. పిల్లలు అరుగు మీద చేరి అంత్యాక్షరి మొదలుపెట్టారు. తమ్ముడు మాత్రం లోపల మంచం మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆఫీసు పని చూసుకుంటున్నాడు. వాడు హైదరాబాదులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తాడు, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. నేనూ అదే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. చీకట్లో వాడి టెర్మినల్ అడుగున రంగురంగుల పట్టీ మెరుస్తుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. అలా మొదలైన మాట పదిన్నర దాకా సాగింది. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, వాడికీ ఉన్నాయి. వాడి మాటలు వాడు అన్నట్టే రాశాను.

నేను: ఏంట్రా అడుగున ఇన్ని పెట్టుకున్నావు?

తమ్ముడు: స్టేటస్ లైనే అక్కా, టీమక్స్‌ది. ఎడమవైపు సెషన్ పేరు, విండోల పేర్లు మామూలే. కుడివైపువి నావి. గిట్ బ్రాంచి, సీపీయూ, మెమరీ, డిస్కు, బ్యాటరీ, వీపీఎన్, వాతావరణం, బ్యాకప్, చివర తెలుగులో వారం. మొత్తం తొమ్మిది ప్లగిన్లు. నాలుగు నేను రాసుకున్నవి, ఐదు దింపుకున్నవి.

నేను: ఎన్ని సెకన్లకోసారి మారతాయి?

తమ్ముడు: రెండు. టీమక్స్ తనంతట తాను పదిహేను పెట్టుకుంటుంది. సీపీయూ అంకె అంత నిదానంగా మారితే చూడబుద్ధి కాదు, అందుకని స్టేటస్-ఇంటర్వెల్ తగ్గించా.

నేను: రోజంతా తెరిచి ఉంచితే ఒక్కో ప్లగిన్ 43,200 సార్లు నడుస్తుంది. తొమ్మిదీ కలిపితే 3,88,800. అదీ పైపై లెక్క. ఒక్కోటీ ముందు ఒక షెల్లుని లేపుతుంది, ఆ షెల్లు ఒక గ్రెప్‌ని, ఒక ఆక్‌ని, ఒక కట్‌ని లేపుతుంది.

తమ్ముడు: లేపనీ. ఎనిమిది కోర్ల మిషను ఇది. ఒక్కో స్క్రిప్టూ కొన్ని మిల్లీ సెకన్లలో అయిపోతుంది. నువ్వు నేర్చుకున్న రోజుల మిషన్లు కావక్కా ఇవి.

నేను: బ్యాటరీ ఎంతుంది?

తమ్ముడు: ముప్పై నాలుగు.

నేను: ఎగ్జెక్‌స్నూప్ ఉందా ఇందులో? ఇంకో విండోలో నడుపు.

సుడో పెట్టి నడిపాడు. మిషన్‌లో కొత్తగా పుట్టే ప్రతి ప్రాసెస్‌నీ ఆ కమాండు ఒక్కో వరుసలో చూపిస్తుంది. ఇద్దరం కీబోర్డు మీద చెయ్యి వేయకుండా చూస్తున్నాం. ఎస్‌హెచ్, క్యాట్, ఆక్, ఎస్‌హెచ్, గిట్, సెడ్, కట్, ఎస్‌హెచ్, కర్ల్. రెండు సెకన్లు ఆగి మళ్లీ అదే గుంపు. ఎవరూ ముట్టుకోని టెర్మినల్‌లో వరుసలు తెర నిండిపోయి పైకి జరుగుతున్నాయి.

తమ్ముడు: కర్ల్ కూడానా? వాతావరణం గంటకోసారి అడిగితే చాలనుకున్నా.

నేను: మనసులో అనుకున్నావు, స్క్రిప్టులో రాయలేదు. హ్యాష్ గుర్తు పెట్టి బ్రాకెట్లలో కమాండు రాస్తే టీమక్స్ దాన్ని ఇంటర్వెల్ వచ్చినప్పుడల్లా నడుపుతుంది. సీపీయూకి రెండు సెకన్లు, వాతావరణానికి గంట అని విడివిడి లెక్కలు దానికి లేవు. పట్టీ మొత్తానికీ ఒకటే గడియారం. ఎవరో ఉచితంగా నడుపుతున్న వాతావరణం సైటుని నువ్వు రెండు సెకన్లకోసారి తలుపు కొట్టి లేపుతున్నావు.

తమ్ముడు: అది నా తప్పే, ఇప్పుడే మారుస్తా. కానీ అది నేను సరిగ్గా రాయకపోవడం వల్ల వచ్చింది, పట్టీ పెట్టుకోవడం వల్ల కాదు. టీమక్స్ మీద నడిచే బయోబులో దీనికి చక్కటి ఏర్పాటుంది తెలుసా? హోమ్‌లో డాట్ బయోబు కింద బిన్ అని ఫోల్డరు ఉంటుంది. అందులో పెట్టే స్క్రిప్టు పేరు అంకెతో మొదలవ్వాలి. ఆ అంకే గడువు. 3600, అండర్‌స్కోరు, తర్వాత పేరు పెట్టామా, గంటకోసారే నడుస్తుంది.

నేను: తెలుసు. ఐదు సెకన్ల కంటే తగ్గించొద్దని, సీపీయూ, డిస్కు, నెట్‌వర్కు వాడేటప్పుడు జాగ్రత్త అని దాని మాన్యువల్‌లోనే రాసి ఉంది. ఆ మాట రాసినాయన ఇలాంటి పట్టీలు చాలానే చూసి ఉంటాడు.

తమ్ముడు: అంటే గడువు సరిగ్గా పెట్టుకుంటే నీకు అభ్యంతరం లేనట్టేగా?

నేను: ఉంది. అడగడమే పద్ధతి కాదంటాను. అన్నం ఉడికిందా అని నిమిషానికోసారి మూత తీసి చూస్తామా? కుక్కరు కూత వేస్తుంది, మన పని మనం చేసుకుంటాం. గ్నూ స్క్రీన్ 1987 నుంచీ ఉంది కదా, అందులో బ్యాక్‌టిక్ అని ఒక కమాండుంది. దానికి రెండు అంకెలు ఇవ్వాలి, జవాబు ఎంతసేపు చెల్లుతుంది, ఎంతసేపటికి మళ్లీ అడగాలి అని. ఆ రెండూ సున్నా పెట్టు. అప్పుడు స్క్రీన్ మళ్లీ మళ్లీ అడగదు. నీ ప్రోగ్రామ్‌ని ఒక్కసారి లేపి తెరవెనక వదిలేస్తుంది. చెప్పాల్సింది ఉన్నప్పుడు ప్రోగ్రామే ఒక వరుస రాస్తుంది, ఆ చివరి వరుస పట్టీలోకి వస్తుంది.

తమ్ముడు: సున్నా, సున్నా? ఇది నాకు తెలీదు. టీమక్స్‌లో ఉందా?

నేను: ఉంది. కమాండు ముగియకుండా నడుస్తూనే ఉంటే, అది చివరగా రాసిన వరుసనే టీమక్స్ చూపిస్తుంది. సెకనుకి ఒకసారి కంటే ఎక్కువ మార్చదు, అంతే. వీపీఎన్ తెగింది, మళ్లీ కలిసింది అనే రెండు మాటల కోసం రోజుకి 43 వేల సార్లు అడగక్కర్లేదు.

ఇక్కడ నా వాదనలో ఒక లోపం ఉంది, అప్పుడు వాడూ గమనించలేదు. కూత వేసేవాడు చచ్చిపోతే ఎవరు చెబుతారు? ఆ ప్రశ్న తర్వాత వాడే అడిగాడు, నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. దాని దగ్గరికి వస్తాను.

తమ్ముడు: సరే, అడగడం, చెప్పించుకోవడం పక్కన పెట్టు. నీ పట్టీలో ఏముంటాయి?

నేను: సెషన్ పేరు, మిషన్ పేరు. అంతే.

తమ్ముడు: టైము కూడా లేదా?

నేను: చేతికి వాచీ ఉంది.

తమ్ముడు: అక్కా, నువ్వు పగలు పనిచేస్తావు. ఒక్క మిషన్ మీద నిమ్మళంగా కూర్చుంటావు. నా సంగతి విను. రాత్రి మూడింటికి నాలుగు విండోలు, నాలుగూ ఒకేలా ఉంటాయి. రెండు టెస్టువి, రెండు లైవువి. కళ్లు మూతలు పడుతుంటాయి. పోయిన ఏడాది ఒక టేబుల్ ఖాళీ చేయమంటే కమాండు కొట్టేశాను, ఎంటర్ నొక్కబోతున్నా. అడుగున పట్టీ ఎర్రగా ఉంది. లైవు మిషను. చెయ్యి వెనక్కి తీసుకున్నా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "ఇది లైవా" అని అడగాలని నాకు తోస్తే నేను అడిగేవాడినే. తోచలేదు. అడగాలని తోచని వేళ కంటికి కనపడ్డానికే ఆ పట్టీ.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వాడు చెప్పేటప్పుడు గొంతు మారింది కూడా. ఇలాంటి రాత్రులు నాకూ ఉన్నాయి.

నేను: అది ఉండాల్సిందేరా. కానీ చూడు, ఆ ఎరుపుకి ప్లగిన్ అక్కర్లేదు. ఏ మిషన్ మీద ఉన్నావన్నది రెండు సెకన్లకోసారి మారదు. కనెక్టు అయినప్పుడు ఒక్కసారి రంగు పెడితే చాలు. నీకు అసలు అక్కరకొచ్చింది మారని ఆ ఒక్క గుర్తు. మారే తొమ్మిది అంకెల్లో ఏదైనా ఒక్కసారి నీ చెయ్యి ఆపిందా?

తమ్ముడు: గిట్ బ్రాంచి ఆపింది. మెయిన్‌లో ఉన్నానని తెలియక కమిట్ చేయబోతే.

నేను: ఆపినట్టే, అడ్డం కూడా పడి ఉండాలే?

తమ్ముడు: నీకెలా తెలుసు? ఒక్కోసారి కమిట్ కొడితే ఇండెక్స్ డాట్ లాక్ ఫైలు అప్పటికే ఉందని ఎర్రర్ వస్తుంది. ఇంకోసారి కొడితే వెళ్లిపోతుంది. డిస్కు పాతదైపోయిందేమో అనుకుంటున్నా.

నేను: డిస్కు బాగానే ఉంది. గిట్ స్టేటస్ చూడ్డానికి చదివే కమాండులా ఉంటుంది గానీ, పనిలో పనిగా ఇండెక్సుని తాజా చేసి రాసుకుంటుంది. రాయడానికి తాళం వేస్తుంది. నీ పట్టీ రెండు సెకన్లకోసారి తాళం వేసి తీస్తోంది. సరిగ్గా ఆ క్షణంలో నువ్వు కమిట్ కొడితే తలుపు మూసి ఉంటుంది. పెద్ద రిపాజిటరీ అయితే తాళం ఎక్కువసేపు ఉంటుంది, అప్పుడు ఇంకా ఎక్కువసార్లు తగులుతుంది. దీనికోసమే 2017లో గిట్ 2.15లో నో-ఆప్షనల్-లాక్స్ అని తెచ్చారు. తెరవెనక గిట్ స్టేటస్ నడిపే స్క్రిప్టులు అది వాడాలని మాన్యువల్‌లో విడిగా ఒక భాగమే ఉంది. నీ ప్లగిన్‌లో ఉందేమో చూడు.

వెతికాడు. లేదు. దింపుకున్న ఐదింట్లో అదొకటి.

నేను: దింపుకున్నవి ఎప్పుడైనా తెరిచి చదివావా?

తమ్ముడు: అన్నీ చదవలేదు. ప్లగిన్ మేనేజర్‌లో పేరు రాసి పెడితే అదే దింపుతుంది.

నేను: అది చేసేది గిట్ క్లోన్, ఆ తర్వాత అందులో డాట్ టీమక్స్ అని ఉన్న ఫైల్ని నడపడం. ఆ ఫైలు నీ హక్కులతోనే నడుస్తుంది. నీ ఎస్ఎస్‌హెచ్ తాళాలు చదవగలదు. ఒక మీట నొక్కితే అన్నీ ఒకేసారి అప్‌డేట్ అవుతాయి, మారిందేమిటో చూసే పని కూడా ఉండదు. క్లయింటు సర్వర్ల తాళాలున్న మిషన్ మీద వాతావరణం కోసం ఆ తలుపు తెరవడం నాకు నచ్చదు.

తమ్ముడు: ఆ లెక్కన ఎడిటర్ ప్లగిన్లూ వాడకూడదు, అసలు ఇంకొకళ్లు రాసినదేదీ వాడకూడదు. నలుగురూ చూసే కోడు అది, ఎవరైనా తప్పు చేస్తే పట్టుకుంటారు. నేను చదవాలి, ఒప్పుకుంటా. దింపుకోవడం మానేయమంటే మాత్రం ఒప్పుకోను. సెషన్లు సేవ్ చేసే కంటిన్యూవమ్ లేకపోతే మిషన్ రీస్టార్ట్ అయినప్పుడల్లా నా పది విండోలు పోయేవి.

నేను: అదెక్కడ నడుస్తోందో తెలుసా?

తమ్ముడు: తెరవెనక. పావుగంటకోసారి సేవ్ చేస్తుంది.

నేను: నీ పట్టీలోనే నడుస్తోంది. స్టేటస్-రైట్ అనే సెట్టింగులో తన సేవ్ స్క్రిప్టుని కనపడకుండా చేర్చుకుంటుంది. పట్టీ కొత్తగా గీసినప్పుడల్లా ఆ స్క్రిప్టు లేచి, పావుగంట అయిందా అని చూసుకుంటుంది. టీమక్స్‌కి సొంతంగా గంట కొట్టే ఏర్పాటు లేకపోవడంతో వాళ్లు ఆ దారి పట్టారు. తెలివైన ఉపాయమే. కానీ తర్వాత నువ్వొక కొత్త థీము వేసుకున్నావనుకో, అది స్టేటస్-రైట్‌ని తన సొంతదానితో తిరగరాస్తుంది. సేవ్ ఆగిపోతుంది. ఏ ఎర్రరూ రాదు. పట్టీ మునుపటికంటే అందంగానే ఉంటుంది. పట్టీని ఆఫ్ చేసినా అంతే సంగతి. రంగులేసుకునే చోట బతకాల్సిన పనిని కట్టేస్తే ఇలాగే అవుతుంది. నా వాదనంతా ఇదేరా. పట్టీ చదవాలి, పని చేయకూడదు. పని చేసేవాడు వేరే చోట ఉండాలి. క్రాన్‌లోనో సిస్టమ్‌డీ టైమర్‌లోనో, ఎక్కడైనా సరే. చేసింది ఒక ఫైల్లో రాసి పెట్టాలి. పట్టీ వచ్చి ఆ ఫైలు చూసుకుని పోవాలి.

తమ్ముడు: ఇదేదో కొత్తగా కనిపెట్టినట్టు చెబుతున్నావే, నా బ్యాకప్ అచ్చం అలాగే ఉంది. రాత్రి క్రాన్‌లో ఆర్‌సింక్ నడుస్తుంది. అయిపోయాక ఒక ఫైల్లో ఓకే అని రాస్తుంది. పట్టీ ఆ ఫైలు చదువుతుంది, అంతే. చూడు, బ్యాకప్ ఓకే.

అప్పుడు నాకు డిస్కు సంగతి గుర్తొచ్చింది. బ్యాకప్ మాట పక్కన పెట్టి ముందు అది చెప్పాను.

నేను: నేను చాలా ఏళ్ల కింద పనిచేసిన ఒక చోట, రాత్రి షిఫ్టు కుర్రాడు నీలాగే పట్టీలో డిస్కు అంకె పెట్టుకున్నాడు. డీఎఫ్ నడిపి రూట్ డిస్కు శాతం తీసే స్క్రిప్టు. డీఎఫ్ ఊరికే అంటే మౌంటు అయిన ప్రతి డిస్కునీ పలకరిస్తుంది కదా. ఆ మధ్యాహ్నం ఎన్ఎఫ్ఎస్ సర్వరొకటి పడిపోయింది. డీఎఫ్ దాని జవాబు కోసం అక్కడే నిలబడిపోయింది. టీమక్స్ ఎవరి కోసమూ ఆగదు. కొత్త జవాబు వచ్చేదాకా పాత జవాబే చూపిస్తుంది. 71 శాతం. సాయంత్రం 71, రాత్రి పన్నెండుకి 71. రూట్ డిస్కేమో లాగ్‌లతో నిండుతూ పోయింది. తెల్లవారుజామున డేటాబేసు రాయడం ఆపేసింది. ఆ అబ్బాయి రాత్రంతా ఆ అంకెని చూస్తూనే ఉన్నాడు. అదే లేకపోతే ఒక్కసారైనా డీఎఫ్ కొట్టేవాడు, అది ఇరుక్కుపోవడం చూసి అప్పుడే లేచేవాడు. నిర్లక్ష్యం అని రిపోర్టులో రాశారు. వాడి నిర్లక్ష్యం కాదని నేను వాదించాను. ఎవరూ వినలేదు. ఇప్పటికీ అది నాకు గుచ్చుకుంటుంది.

తమ్ముడు: డీఎఫ్‌కి ఎల్ అని పెడితే లోకల్ డిస్కులే చూస్తుంది. టైమవుట్ పెట్టుకోవచ్చు.

నేను: పెట్టుకోవచ్చు. రేపు ఇంకోటేదో ఇరుక్కుంటుంది. నేనడిగేది వేరు. ఆ 71 ఎప్పటిది? ఆ ప్రశ్నకి పట్టీ మీద జవాబు లేదు. ఇప్పుడు నీ ఓకే చూడు. అది ఎప్పటి ఓకే?

తమ్ముడు: నిన్న రాత్రిదే ఉండాలి.

నేను: స్టాట్ కొట్టి చూడు.

కొట్టాడు. ఫైలు చివరిసారి మారింది డిసెంబరు 27, రాత్రి 11:40కి. దాదాపు ఇరవై రోజులు. వాడు తెరకేసి చూస్తూ ఉండిపోయాడు. అరుగు మీద పిల్లలు మ అక్షరం దగ్గర ఆగిపోయి అరుచుకుంటున్నారు.

తమ్ముడు: హార్డ్ డిస్కు. 28న ఇంటికొచ్చినప్పుడు అమ్మకి టీవీలో చెల్లి పెళ్లి వీడియో చూపిద్దామని తెచ్చాను. ఇక్కడే మర్చిపోయి వెళ్లిపోయా. డిస్కు తగిలించి లేకపోతే ఊరుకో అని స్క్రిప్టు మొదట్లోనే రాసుకున్నా, ఎర్రర్ మెయిల్స్ విసిగిస్తున్నాయని. ఊరుకుంది. ఓకే అలాగే ఉండిపోయింది.

నేను: నేను నిన్ను ఏమీ అనను. ఆ అబ్బాయినీ అనలేదు.

తమ్ముడు: నువ్వు చెప్పిన పద్ధతిలోనే కట్టాను కదక్కా ఇది. పని వేరే చోట, పట్టీ చదవడమే. అయినా ఇలా అయింది.

నేను: అయింది. అందుకే బాగున్నప్పుడు పట్టీ ఏమీ చూపించకూడదంటాను. ఏదైనా చెడితేనే మాట్లాడాలి. రోజూ ఓకే ఓకే అని చూసి చూసి నీ కన్ను దాన్ని వదిలేసింది.

తమ్ముడు: ఇక్కడ నువ్వు తప్పు. ఖాళీగా ఉంటే దానర్థం ఏంటి? అంతా బాగుందనా, చెప్పేవాడు చచ్చాడనా? రెండూ ఒకేలా ఉంటాయి. నీ కుక్కరు కూత వేయలేదు, గ్యాసు అయిపోయింది, అన్నం ఇంకా ఉడుకుతోందిలే అని నువ్వు వంటింటి బయటే కూర్చున్నావు. నా ఓకే అబద్ధం చెప్పింది, నిజమే. నీ ఖాళీ కూడా అదే అబద్ధం చెబుతుంది. దానికి సాక్ష్యం కూడా దొరకదు.

చాలాసేపు ఆలోచించాను. వాడన్నది నిజం. ఇన్నేళ్లుగా నా పట్టీ ఖాళీగా ఉండటాన్ని నేను క్రమశిక్షణ అనుకున్నాను. దాంట్లో కొంత నమ్మకం మీద నడిచిన వ్యవహారమే.

నేను: అయితే వయసు చూపిద్దాం. ఓకే అని రాయొద్దు. ఆర్‌సింక్ బాగా ముగిస్తే, ముగిసిన క్షణాన్ని సెకన్లలో రాయి. పట్టీ చదివేటప్పుడు ఇప్పటి సెకన్లలోంచి అది తీసేసి, 86,400తో భాగించి రోజులు చూపిస్తుంది. లెక్క కట్టేవాడు చదివేవాడే కావాలి. రాసేవాడు చచ్చినా, డిస్కు ఇంట్లో మర్చిపోయినా, క్రాన్ ఆగినా వయసు దానంతటదే పెరుగుతుంది. చావు కబురు చచ్చినవాడు చెప్పక్కర్లేదు.

తమ్ముడు: చదివేవాడే చస్తే?

నేను: పట్టీలో గడియారం పెట్టుకో. అది కదులుతుంటే పట్టీ బతికున్నట్టే. సరే, నేనూ పెట్టుకుంటాను.

తమ్ముడు: రాద్దామా?

బ్యాటరీ ఇరవై ఆరుకి వచ్చింది. ముందు స్టేటస్-ఇంటర్వెల్‌ని పదిహేనుకి మార్చాడు, నేను అడక్కుండానే. తర్వాత రాయడం మొదలుపెట్టాడు. ముగిసిన సమయాన్ని నేరుగా ఆ ఫైల్లో రాయబోతుంటే ఆపాను. సగం రాసి ఉన్న క్షణంలో పట్టీ వచ్చి చదివితే సగం అంకె కనిపిస్తుంది. పక్కనే, అదే ఫోల్డర్లో, వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక ఎంవీ కొట్టి అసలు పేరు పెట్టాలి. పేరు మారడం ఒక్క దెబ్బకి జరుగుతుంది. చదివేవాడికి పాతదైనా పూర్తిగా దొరుకుతుంది, కొత్తదైనా పూర్తిగా దొరుకుతుంది. చదివే స్క్రిప్టులో వాడు డేట్ కమాండు పిలిచాడు. బాష్ 5లో ఈపాక్‌సెకండ్స్ అనే చరరాశి ఉంది, దాన్ని వాడితే ఇంకో ప్రాసెస్ పుట్టదు. ఫైల్ని క్యాట్‌తో కాకుండా బాష్‌లోని రీడ్‌తోనే చదివించాం. ఫైలే లేకపోతే ప్రశ్నార్థకం. రెండు రోజులు దాటితే ఎరుపు.

వీపీఎన్‌ది మాత్రం వాడి ఇష్టప్రకారం తెరవెనక నడిచే లూపుగా రాశాడు, కాన్ఫిగ్ ఫైల్లో రన్-షెల్‌కి బి పెట్టి మొదలయ్యేలా. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. కాన్ఫిగ్‌ని మళ్లీ చదివించినప్పుడల్లా రన్-షెల్ ఇంకో కాపీని లేపుతుంది. పాత లూపు ఒకటి అప్పటికే అలా పదకొండు కాపీలుగా నడుస్తోంది, ఎవరూ చూడకుండా. అన్నీ ఆపేసి, మొదట్లో ఎఫ్‌లాక్‌కి ఎన్ పెట్టి ఒక వరుస చేర్చాడు. తాళం దొరక్కపోతే కొత్త కాపీ అక్కడికక్కడే వెళ్లిపోతుంది.

నేను: ఆ చివర వారం పేరు ఎందుకలా పక్కకి జరుగుతోంది?

తమ్ముడు: అదొక తలనొప్పి. లోకేల్ తెలుగు పెడితే డేట్ తెలుగులోనే చెబుతుంది. కానీ ఒక్కో రోజు ఒక్కోలా జరుగుతుంది.

నేను: శుక్రవారం తీసుకో. కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో తొమ్మిది సంకేతాలు. టెర్మినల్ అంటే గళ్ల నోటుబుక్కు, ఒక్కో సంకేతానికి ఎన్ని గళ్లు ఇవ్వాలో ఒక పట్టిక చూసి ఇస్తుంది. మన దీర్ఘానికీ, గుడికీ, పొల్లుకీ సున్నా గళ్లు. కొమ్ముకీ, సున్నకీ చాలాచోట్ల ఒక్కో గడి ఇస్తారు, ఎందుకంటే యూనికోడ్‌లో అవి వేరే జాతి గుర్తులు. క్రలోని ర ఒత్తేమో కింద కూర్చుంటుంది గానీ దానికీ ఒక గడి పోతుంది. టీమక్స్ తన పట్టికతో కొలుస్తుంది, టెర్మినల్ తన ఫాంటుతో గీస్తుంది. రెండు కొలతలూ కలవవు. కుడి అంచు జరిగిపోతుంది.

తమ్ముడు: తీసేయమంటావా?

నేను: వద్దు. అదొక్కటి ఉంచు. వెనకాల ఒక ఖాళీ పెట్టి అన్నిటికంటే చివరే ఉండనీ, జరిగినా వేరేదాన్ని తొక్కదు.

ఇది నా వాదనకి విరుద్ధమని నాకు తెలుసు. పట్టీ మొత్తంలో ఎవరికీ అవసరం లేని సమాచారం అదే. కానీ ఆ నల్ల తెర మీద మన అక్షరాలు కనిపిస్తే నాకు సంతోషంగా ఉంటుంది. వాటికి గళ్లు సరిగ్గా కొలిచే రోజు రావాలంటే, వాడుతూ, ఇదిగో ఇక్కడ జరిగిపోతోందని చెబుతూ ఉండేవాళ్లు కావాలి.

పదింటికి కరెంటు వచ్చింది. వాతావరణాన్ని వాడే తీసేశాడు. సీపీయూ, మెమరీ తీయమన్నాను, తీయలేదు. రాత్రి షిఫ్టులో ఆ అంకెలు కదులుతుంటే తోడున్నట్టు ఉంటుందట. దాని మీద నేనేమీ అనలేదు.

తమ్ముడు: అమ్మా, ఆ హార్డ్ డిస్కు ఎక్కడ పెట్టావు?

టీవీ వెనకాల ఉంది, పాత కేబుల్ పెట్టె మీద, మీద కాస్త దుమ్ముతో. తెచ్చి తగిలించి ఆర్‌సింక్ నడిపాడు. పాత ఓకే ఫైలు సమయాన్నే మొదటి అంకెగా ఇచ్చాం కాబట్టి, పట్టీలో బ్యాకప్ పక్కన 19 ఎర్రగా ఉంది. ఫైళ్ల పేర్లు పైకి పరుగెడుతుంటే ఇద్దరం ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాం. ఇరవై నిమిషాల తర్వాత అది 0 అయింది, రంగు పోయింది.

తమ్ముడు: ఇంటర్వెల్ పదిహేనే ఉంచనా?

నేను: రోజులు లెక్కపెట్టే అంకెకి పదిహేను సెకన్లెందుకు? అరవై చాలు.

వాడు ముప్పై పెట్టాడు.